పని ముట్టినది, పైకము ముట్టలేదు

ఒక సంస్థలో ఉద్యోగిగా చేరక, తన విద్యనే నమ్ముకొని, నేడొకరికిని రేపొకరికిని పనిచేసి జీవించు ఫ్రీలాన్సర్లు మన నగరములయందు నానాటికి హెచ్చుచున్నారు. ఆంగ్లమునుండి తెనుగునకు అనువాదములు చేయువారు, ఓటీటీ చిత్రములకు సబ్‌టైటిళ్లు వ్రాయువారు, ప్రకటనలకు గొంతు నిచ్చు డబ్బింగు కళాకారులు, వెబ్‌సైట్లు నిర్మించు ప్రోగ్రామర్లు, పెండ్లి వీడియోలను ఎడిట్ చేయువారు, అందరును ఈ కోవకు చెందినవారే. వీరికి జీతపు తేదీ అనునది లేదు. పని ముగించి ఫైలు పంపిన క్షణమున "చాలా బాగా వచ్చిందండీ" అను ప్రశంస వాట్సాప్‌లో వెంటనే వచ్చును. ఇన్‌వాయిసు పంపిన పిదప మాత్రము "అకౌంట్సుకు పంపాం", "మేనేజరుగారి అప్రూవల్ రావాలి", "ఈ శుక్రవారం తప్పకుండా పడుతుంది" అను సమాధానములు వారము వెంట వారము వచ్చి, తుదకు ఆ సమాధానములును ఆగిపోవును. ఆపైని ఫోను మ్రోగుచునే యుండును, ఎత్తువారుండరు.

ఈ అవస్థలో మనవారు సాధారణముగా చేయుచున్నది సంకోచముతో మరల మరల అడుగుట, లేదా సంబంధము చెడునేమో, తరువాతి పని రాదేమో అని భయపడి మిన్నకుండుట. చేసిన పనికి ప్రతిఫలమడుగుటను యాచనగా భావించు ఈ మొగమాటమే ఎగవేతదారులకు దొరికిన గొప్ప అండయని నా నిశ్చితాభిప్రాయము. న్యాయశాస్త్రదృష్టిలో ఆ సొమ్ము బాకీ; గడువు దాటిననాటినుండి వడ్డీ పెరుగు బాకీ; కోర్టు అమీను ద్వారా వసూలు చేయించుకొనదగిన బాకీ. వేతన చట్టములు యజమానికిని ఉద్యోగికిని గల సంబంధముపై ఆధారపడినవి గనుక ఫ్రీలాన్సరు లేబరాఫీసు మెట్లెక్కి ప్రయోజనము లేదన్నమాట నిజము. అయినను అంతకంటె బలమైన ద్వారములు వేరే కలవు. వానిలో మిక్కిలి బలమైనది తమకొరకే తెరువబడి యున్నదన్న సంగతి చాలమంది ఫ్రీలాన్సర్లు ఎరుగకుండుటయే నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది.

మొదట ఒక సాకును గురించి చెప్పవలెను. నడుమ ఏజెన్సీ యున్నచోట "మా క్లయింటు దగ్గర్నుంచి మాకే ఇంకా రాలేదండీ" అను మాట తరచుగా వినబడును. వినువాడు సహృదయుడైనచో జాలిపడి ఊరకుండును. కాని పై క్లయింటు చెల్లించిన పిదపనే మీకు చెల్లింతుమని ఒప్పందములో స్పష్టముగా వ్రాసికొననంతవరకు, ఏజెన్సీకి రావలసినది వచ్చినదా రాలేదా అన్నది ఫ్రీలాన్సరునకు సంబంధించిన విషయము కానే కాదు. పని అప్పగించినది ఎవరో, బాకీ తీర్చవలసినది వారే.

"వ్రాతపూర్వకమైన ఒప్పందమే లేదు గదా, మేమేమి చేయగలము?" అని నిరుత్సాహపడువారు అనేకులు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము ప్రకారము నోటిమాటగా కుదిరిన ఒప్పందమును సైతము ఒప్పందమే. పైగా, ఉచితముగా చేయు ఉద్దేశము లేక ఒకడు చేసిన పనివలన మరియొకడు లాభము పొందినపుడు, ఆ లాభము పొందినవాడు దానికి తగిన ప్రతిఫలమీయవలెనని ఆ చట్టమందలి 70వ సెక్షను శాసించుచున్నది. ఈ-మెయిలులో కుదిరిన రేటు, వాట్సాప్‌లో వచ్చిన "ప్రొసీడ్ అవండి" అను మాట, ఫైలు అందినదని పంపిన జవాబు, ఇవన్నియు సాక్ష్యములే. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందలి 63వ సెక్షను ప్రకారము ఇట్టి ఎలక్ట్రానిక్ ఆధారములతోపాటు ఒక ధ్రువపత్రము సమర్పింపవలసి యుండును. కావున బాకీ తేలువరకు ఆ సంభాషణలను చెరపరాదు. పాత ఫోను మార్చునపుడు వానిని భద్రపరచుకొనక పోగొట్టుకొనరాదు.

ఇక అసలు ద్వారమునకు వత్తము. అది 2006వ సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము. ఈ పేరు వినగనే కర్మాగారములు, పొగగొట్టములు, లేతు యంత్రములు కన్నులకు కట్టును గాని, ఆ చట్టము సేవలనందించువారిని సైతము సంస్థలుగానే పరిగణించుచున్నది. తన గదిలో ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అనువాదకురాలు ఉద్యం రిజిస్ట్రేషను పొందిన యెడల చట్టదృష్టిలో ఒక సూక్ష్మ సంస్థ. 2020 జూలై 1 నుండి అమలులోనున్న ఈ రిజిస్ట్రేషనుకు ఆధారు, పాను చాలును. ప్రభుత్వ పోర్టల్‌లో రుసుమేమియు లేదు. రుసుము పేరిట వేల రూపాయలు గుంజు ప్రైవేటు వెబ్‌సైట్లు ప్రభుత్వ చిహ్నములను పోలిన వేషముతో కనబడుచుండును గనుక జాగ్రత్త వహింపవలెను.

ఈ చట్టమిచ్చిన రక్షణను ఒక ఉదాహరణమునందు చూతము. గుంటూరులో నివసించు ఒక అనువాదకురాలు ముంబయి సంస్థ యొకదానికి 80,000 రూపాయల పని చేసి యిచ్చినదనుకొందము. చెల్లింపు గడువు వ్రాతపూర్వకముగా నిర్ణయించుకొనక పోయినచో, పని అంగీకరింపబడిన నాటినుండి 15 దినములలో ఆ సంస్థ సొమ్ము చెల్లింపవలెను. గడువు వ్రాసికొన్నను అది 45 దినములకు మించరాదు. పెద్ద సంస్థలు తమ వెండరు పత్రములలో అచ్చువేసి యుంచు "90 దినముల క్రెడిట్" అను షరతు ఈ చట్టము నెదుట నిలువదు. అంగీకారము ఎప్పుడు జరిగినట్లు? ఇచ్చట చట్టకర్తలు చూపిన దూరదృష్టి మెచ్చదగినది. పని అందిన 15 దినములలోపల వ్రాతపూర్వకముగా అభ్యంతరము తెలుపనిచో, అందిన నాడే అంగీకరించినట్లు లెక్క. మూడు నెలలు మౌనముగానుండి, డబ్బు గట్టిగా అడుగగనే "క్వాలిటీ బాగాలేదు" అని కొత్తరాగము అందుకొను క్లయింటునకు ఈ ఒక్క నిబంధన చాలును.

గడువు దాటిన పిదప వడ్డీ మొదలగును. అది సామాన్యమైన వడ్డీ కాదు; రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్లు, నెలనెలకు అసలుతో కలియు చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6 శాతమనుకొన్నచో సంవత్సరమునకు 18 శాతము, అనగా నెలకు నూటికి రూపాయిన్నర. పై యనువాదకురాలి 80,000 రూపాయలపై ఒక్క యేడాది జాప్యమునకు రమారమి 15,650 రూపాయల వడ్డీ పెరుగును. ఒప్పందములో వడ్డీ ప్రసక్తి లేకున్నను, తక్కువ వడ్డీకి ఆమె సంతకము చేసియున్నను, ఈ వడ్డీ ఈయవలసినదే.

ఇంతకంటెను విలువైనది మరియొకటి కలదు. వివాదమును ఆమె ముంబయికి పోయి నడుపవలసిన పని లేదు. సేవనందించినవారు ఏ రాష్ట్రమున నుందురో ఆ రాష్ట్రపు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే, కొనుగోలుదారు దేశమున ఎచ్చటనున్నను, విచారణాధికారము కలదని 18వ సెక్షను చెప్పుచున్నది. క్లయింటులు తమ ఒప్పందములలో "వివాదములన్నియు మా నగరపు కోర్టులోనే" అని వ్రాసికొనుట పరిపాటి. దూరాభారమునకు జడిసియే చిన్నవారు తమ బాకీని వదలుకొందురని వారి ధీమా. ఆ ధీమాను ఈ చట్టము మొదలంట నరికినది. 2017లో ఆరంభమైన సమాధాన్ పోర్టల్ మొదలుకొని ఫిర్యాదును ఇంటనుండియే ఆన్‌లైన్‌లో దాఖలు చేయు వెసులుబాటు ఏర్పడినది. కౌన్సిల్ మొదట రాజీకి యత్నించును. అది పొసగనిచో మధ్యవర్తిత్వ విచారణ జరిపి అవార్డు ఇచ్చును. ఆ అవార్డును రద్దుచేయుమని కొనుగోలుదారు కోర్టుకెక్కదలచినచో అందలి మొత్తములో 75 శాతము ముందుగా డిపాజిట్ చేయవలెను. ఊరక కాలహరణము కొరకు అప్పీలు చేయు అలవాటునకు ఇంతకు మించిన విరుగుడు మరొకటి నాకు తెలియదు.

అయితే ఒక హెచ్చరిక. పని జరిగిన తరువాత రిజిస్ట్రేషను తీసికొని పాత బాకీకి ఈ రక్షణ కోరుట కుదరదని 2021లో సుప్రీంకోర్టు సిల్పి ఇండస్ట్రీస్ కేసులో తీర్పు చెప్పినది. 2025 జనవరిలో మరియొక ధర్మాసనము దీనిపై భిన్నముగా ఆలోచించి, విషయమును విస్తృత ధర్మాసనమునకు నివేదించినది. ఆ తీర్పు ఎట్లు వచ్చినను, కొత్త పని చేతపట్టుటకు ముందే రిజిస్ట్రేషను తీసికొని ఉద్యం నంబరును ప్రతి ఇన్‌వాయిసు పైన అచ్చువేయుట వివేకము. విదేశీ క్లయింటులను ఈ కౌన్సిల్ ఎదుటికి ఈడ్చుట ఆచరణలో సాధ్యము కాని పని గనుక, వారితో వ్యవహరించువారు సగము సొమ్ము ముందుగా తీసికొనుట కంటె మేలైన ఉపాయము లేదు.

ఉద్యం నంబరును ఇన్‌వాయిసుపై అచ్చువేయుటవలన మరియొక ప్రయోజనము కలదు. 2023 ఆర్థిక చట్టము ఆదాయపు పన్ను చట్టమునకు చేసిన సవరణ ప్రకారము, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోపల చెల్లింపని సొమ్మును క్లయింటు తన ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకొనుటకు వీలులేదు. వాస్తవముగా చెల్లించిన సంవత్సరముననే ఆ తగ్గింపు లభించును. మార్చి నెలలో క్లయింటుల ఆడిటర్లు "మీ ఉద్యం సర్టిఫికెట్ పంపండి" అని అడుగుటకు కారణమిదియే. కావున ఫిబ్రవరి మాసాంతమున క్లయింటునకు వ్రాయు జాబులో ఈ సంగతిని మర్యాదగా జ్ఞాపకము చేయవలెను. జీఎస్టీ రిజిస్ట్రేషనుగల ఫ్రీలాన్సర్ల బాధ మరింత హెచ్చు, ఇన్‌వాయిసు వ్రాసినచో సొమ్ము చేతికి రాకమునుపే పన్ను కట్టవలసి వచ్చును గనుక. కాని 180 దినములలోగా ఇన్‌వాయిసు సొమ్ము చెల్లింపని క్లయింటు తాను తీసికొన్న ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌ను వడ్డీతో తిరిగి కట్టవలసి యుండునన్నది కూడ జీఎస్టీ చట్టముననే కలదు. సంబంధిత మేనేజరు పట్టించుకొనని జాబును ఇట్టి వాక్యముండినయెడల అకౌంట్సు విభాగము తప్పక పట్టించుకొనును.

అట్లే టీడీఎస్. క్లయింటు సొమ్ము చెల్లింపకయే, తన పుస్తకములలో బిల్లు జమకట్టి, దానిపై పన్ను కోసి ప్రభుత్వమునకు చెల్లించుట పెక్కుమారులు జరుగుచుండును. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మన పాను క్రింద ఆ మొత్తము కనబడును. "బిల్లే రాలేదు" అని ఒకవైపు చెప్పుచు, మరియొకవైపు అదే బిల్లుపై పన్ను కోసినవాని మాటకు విలువ ఏపాటిది? టీడీఎస్ మాత్రముననే బాకీని ఒప్పుకొన్నట్లగునా అను విషయమున న్యాయస్థానములు ఏకాభిప్రాయముతో లేవు గాని, తక్కిన ఆధారములకు అది బలమైన ఊతము.

ఉద్యం రిజిస్ట్రేషను లేని పాత బాకీ గలవారు ఏమి చేయవలెను? మొదటి మెట్టు స్పీడ్ పోస్టులో వ్రాతపూర్వకమైన నోటీసు. వకీలు ద్వారా పంపిన మంచిదే, స్వయముగా పంపినను చెల్లును. ఇంత సొమ్ము, ఈ ఇన్‌వాయిసుపై, ఈ తేదీలోగా చెల్లింపనిచో ఈ నోటీసు నాటినుండి వడ్డీ కోరెదనని అందులో స్పష్టముగా వ్రాయవలెను. 1978 నాటి వడ్డీ చట్టము ప్రకారము ఆ ఒక్క వాక్యమువలననే నోటీసు తేదీనుండి వడ్డీ కోరు హక్కు ఏర్పడును. దానికిని కదలనిచో సివిలు దావా. వ్రాతపూర్వక ఒప్పందముపై నిశ్చితమైన మొత్తము రావలసి యున్నపుడు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 37వ ఆర్డరు క్రింద సమ్మరీ దావా వేయవచ్చును. ఇందులో ప్రతివాది సమన్లు అందిన పది దినములలో హాజరు కావలెను; ఆపైని తనకు నిజమైన వాదన కలదని చూపి అనుమతి పొందిననే తప్ప వాదించుటకే వీలులేదు; లేనిచో నేరుగా డిక్రీ వచ్చును. బాకీ 3 లక్షల రూపాయలు గాని, అంతకు మించి గాని యున్నచో వ్యవహారము కమర్షియల్ కోర్టుకు పోవును. అచ్చట అత్యవసర ఉత్తర్వులు కోరని దావాలకు ముందుగా న్యాయసేవాధికార సంస్థ ద్వారా రాజీ యత్నము (మీడియేషన్) తప్పనిసరియని సుప్రీంకోర్టు 2022లో తేల్చిచెప్పినది.

న్యాయసేవాధికార సంస్థ పేరు వచ్చినది గనుక, స్త్రీలైన ఫ్రీలాన్సర్లు తప్పక ఎరుగవలసిన విషయమొకటి ఇచ్చట చెప్పవలెను. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు వారి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. జిల్లా కోర్టు ప్రాంగణములోనే ఆ సంస్థ కార్యాలయముండును. తెల్లకాగితముపై దరఖాస్తు చాలును. దావా వేయకమునుపే బాకీని లోక్ అదాలత్ ముందుంచుటకును వీలున్నది. అచ్చట కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. సంబంధము పూర్తిగా తెగగొట్టుకొనుటకు ఇష్టపడని చిన్న బాకీలకు ఇది అన్నివిధముల అనుకూలమని నా నమ్మకము.

క్లయింటు చెక్కు ఇచ్చి అది బౌన్సయినచో మార్గము మరింత తిన్ననైనది. బ్యాంకు మెమో అందిన 30 దినములలో నోటీసు, దానికి 15 దినముల గడువు, ఆ గడువు తీరిన నెలలోపల మేజిస్ట్రేటు ఎదుట ఫిర్యాదు. ఈ తేదీలలో ఒక్కటి తప్పినను కేసు బలహీనపడును గనుక క్యాలెండరు దగ్గరనుంచుకొనవలెను. చెక్కు లేని బాకీకి పోలీసు స్టేషనుకు పరుగెత్తుట మాత్రము వ్యర్థము. మొదటినుండియు మోసగించు ఉద్దేశముండినట్లు చూపలేనపుడు ఒప్పందభంగము చీటింగు కానేరదని సుప్రీంకోర్టు పలుమారులు చెప్పినది. దివాలా చట్టము క్రింద కంపెనీని ట్రిబ్యునల్‌కు లాగుదుమని బెదరించుటయు అంతే. 2020 మార్చి 24 నుండి దానికి కనీస బాకీ కోటి రూపాయలు.

రచయితలును, అనువాదకులును, ప్రోగ్రామర్లును తమ చేతిలోనున్న మరియొక ఆయుధమును గుర్తింపరు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ఉద్యోగి కానివాడు రచించిన వ్యాసమునకు, అనువాదమునకు, కంప్యూటరు ప్రోగ్రామునకు తొలి యజమాని ఆ రచయితయే. సంతకముచేసిన పత్రము లేనిదే ఆ హక్కు మరియొకరికి బదిలీ కాదు. సొమ్ము ఎగవేసిన క్లయింటు దానిని వాడుకొనుటకు తనకు అనుమతి కలదని వాదింపవచ్చును గాని, యజమానినని వాదింపజాలడు. "పూర్తి పైకము ముట్టిన పిదపనే హక్కులు సంక్రమించును" అను ఒక్క వాక్యమును ఒప్పందమునందు చేర్చుకొన్నచో ఆ అనుమతి వాదమును సైతము చాలవరకు అడ్డుకొనవచ్చును. ఫోటోగ్రాఫర్లకు మాత్రము ఈ నియమము అనుకూలము కాదు. ప్రతిఫలమునకై ఒకరు తీయించుకొన్న ఛాయాచిత్రముపై హక్కు, వేరుగా వ్రాసికొననిచో, తీయించుకొన్నవారిదే. కావున వారికి వ్రాతపూర్వక షరతు మరింత ఆవశ్యకము.

వీనినన్నింటిని మించి కాలము ముఖ్యము. బాకీ దావాకు సాధారణముగా మూడు సంవత్సరములే గడువు. "తప్పక ఇస్తాం" అని నోట చెప్పినంతమాత్రమున ఆ గడువు పెరుగదు. గడువు తీరకమునుపే సంతకముతో వ్రాసి ఒప్పుకొన్నను, వ్రాతమూలకమగు ఆధారముతో కొంత సొమ్ము చెల్లించినను కొత్తగా మూడేండ్లు లెక్కకు వచ్చును. అందువలన క్లయింటు "పదివేలు ఇప్పుడు తీసుకోండి" అన్నపుడు అలిగి తిరస్కరింపక, బ్యాంకు ఖాతా ద్వారా తీసికొని, మిగిలిన బాకీ ఇంతయని అదే దినమున ఈ-మెయిలు పంపవలెను.

సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఇంతటి చట్టమున్నను ఫలితమేల ఆలస్యమగుచున్నది? ఫిర్యాదును 90 దినములలో తీర్పవలెనని చట్టమే చెప్పినది. కాని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు అధ్యక్షుడు పరిశ్రమల శాఖ డైరెక్టరో, ఆ శాఖకే చెందిన మరియొక అధికారియో. భూముల కేటాయింపులు, రాయితీలు, పెట్టుబడిదారుల సమావేశములు మున్నగు బాధ్యతల నడుమ ఆయనకు ఒక సబ్‌టైటిలు రచయితకు రావలసిన ముప్పదివేల రూపాయలను విచారించు తీరిక ఎక్కడిది? సభ్యులుగా సంస్థల సంఘముల ప్రతినిధులు, బ్యాంకుల ప్రతినిధులు, నిపుణులు ఉండవచ్చును. సంఖ్య మూడుకు తగ్గరాదు, ఐదుకు మించరాదు. ఆ ఐదుగురిలో సేవారంగమున ఒంటరిగా పనిచేయువారి కష్టము ఎరిగిన ఒక్కరైనను ఉండవలెనని కోరుట అత్యాశ కాదు. కౌన్సిళ్ల ఏర్పాటు, వాని నియమావళి రాష్ట్రప్రభుత్వముల చేతిలోని పని గనుక తెలంగాణయు ఆంధ్రప్రదేశ్‌యు ఢిల్లీ వైపు చూడవలసిన అగత్యము లేదు. కౌన్సిల్ అధ్యక్షపదవికి మరే బాధ్యతయు లేని అధికారిని నియమింపవలెను. లక్ష రూపాయలలోపు బాకీలను వీడియో విచారణలో వేరుగా వినవలెను. 90 దినములు దాటిన ఫిర్యాదులు ఎన్ని, అందు ప్రభుత్వ శాఖలు, కార్పొరేషన్లు బాకీదారులైనవి ఎన్ని అన్న వివరమును మూడు నెలలకొకసారి జిల్లా పరిశ్రమల కేంద్రపు నోటీసుబోర్డు మీదను, శాఖ వెబ్‌సైటులోను ప్రకటింపవలెను. ఆ ప్రకటనకు శాసనసభలో కొత్త బిల్లేదియు అక్కరలేదు. ఒక ప్రభుత్వోత్తర్వు చాలును.